నడిచే కారుతో వచ్చిన చిక్కు

కాకినాడలో పాత కార్ల మీద ప్రేమ ఆషాఢ మాసంలో పుట్టింది. ఆషాఢంలో కొత్త కారు కొనేవాడు ఉండడు. షోరూముల్లో ఏసీ ఉంటుంది, మనుషులుండరు. అందుకని బైపాస్ రోడ్డులోని శుభయాన మోటార్స్ వారూ, ప్రాచీన వాహన ప్రియుల సంఘం వారూ కలిసి కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. సంఘానికి పాత కార్లున్నాయి, నిలబెట్టే చోటు లేదు. షోరూముకి చోటుంది, నిలబడే జనం లేరు. జనం వస్తారు, పాత కార్లు చూస్తారు, తాతల్ని తలుచుకుని కళ్ళు తుడుచుకుంటారు. ఆ తడి ఆరకముందే కొత్త కారు బుక్ చేస్తారు. ఇదీ వాళ్ళ ఆలోచన. దానికి 'వారసత్వ సంగమం' అని పేరు పెట్టారు.

ఇవేవీ మట్టపర్తి అబ్బులుకి తెలియవు. అతనిది తాళ్ళరేవు. అతనికో అంబాసిడర్ ఉంది. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండే రకం. నలభై ఒక్క ఏళ్ళుగా తనే నడుపుతున్నాడు. ఒకప్పుడు ఆ కారెక్కని పెళ్ళికూతురు ఆ చుట్టుపక్కల లేదు. ఇప్పుడు దానికి మిగిలింది ఒకే పాసింజరు, కామేశం మాస్టారు.

కామేశం మాస్టారు హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కిడ్నీలు ఆయనకంటే ముందే రిటైరైపోయాయి. మంగళవారం, శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికల్లా కాకినాడ పెద్దాసుపత్రిలో డయాలసిస్ మిషను మీద పడుకోవాలి. పైగా రెండు మోకాళ్ళూ మడతపడవు. కొత్త కారు ఎక్కాలంటే కుంగాలి. ఆయన కుంగలేడు. ఆటోలో కాళ్ళు చాపే చోటుండదు. బస్సు మెట్టు సంగతి చెప్పక్కర్లేదు. అదే అంబాసిడర్ అయితే, తలుపు తీసి వెనక్కి తిరిగి కుర్చీలో కూలబడ్డట్టు కూలబడతాడు. అబ్బులు ఆయన రెండు కాళ్ళూ పట్టుకుని సీటు పొడుగునా తిప్పి పెడతాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయనలో ప్రాణం సగమే ఉంటుంది కాబట్టి ఆ సీటు మీదే పడుకుంటాడు.

పోయినేడు వానలకి ఒక మంగళవారం తప్పిపోయింది. శుక్రవారం దాకా ఆయన పడుకోలేక, గోడకి జారబడి, కూర్చునే ఊపిరి లాగాడు. అబ్బులు దగ్గరుండి చూశాడు. మళ్ళీ చూడదలుచుకోలేదు.

ఒక శుక్రవారం ఆసుపత్రి ఆవరణలో ఈ కారు సంఘాధ్యక్షుడు ముకుందరావుగారి కంట్లో పడింది. ఆయన పళ్ళ డాక్టరు. ఆయనకి రెండు పాతకార్లున్నాయి. రెండూ నడవవు. ఎక్కడికైనా లారీ మీదే వెళతాయి.

"ఏమయ్యా, ఈ మహత్తర వారసత్వ సంపద నీదేనా?" అన్నారాయన.

"కాదండి. అంబాసిడరండి," అన్నాడు అబ్బులు.

"అదేనయ్యా! ఆదివారం మా సంగమానికి తీసుకురా. నీ వాహనాన్ని సముచిత రీతిన సత్కరించుకుంటాం."

అబ్బులు తల అడ్డంగా ఊపబోయాడు. వెనక సీట్లోంచి మాస్టారు గొంతు లేచింది. "ఎళ్ళరా అబ్బులూ! నలభై ఏళ్ళు బండి తోలావు, ఒక్కడన్నా నీ మెళ్ళో దండేశాడా? ఎళ్ళు, ఏయించుకురా!"

అలా వెళ్ళాడు.

షోరూము గేటు దగ్గర అప్పలకొండ అనే కాపలా మనిషి ఉన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. అతని చేతిలో పలకలాంటి కంప్యూటరు ఉంది. దాని మీద మూడు మీటలున్నాయి. ఈ లోకంలో ఏ కారైనా ఆ గేట్లోకి మూడే మూడు పనుల మీద వస్తుందని హైదరాబాదులో ఎవరో తేల్చేశారు.

"సర్వీసుకా బావూ, అమ్మకానికా, టెస్టు డ్రైవుకా?"

"చూపించడానికి."

"చూపించడానికి అని నేదు బావూ. ఈ మూడింట్లో సెప్పు."

"మూడూ కాదు."

"అలగయితే గేటు తెరుసుకోదు. గేటుకి నా మాట అక్కర్నేదు, దీని మాటే గావాల."

వెనకాల లారీల మీద పదహారు పాతకార్లు ఆగిపోయాయి. హారన్లు మోగాయి. ముకుందరావుగారు చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఏదో ఒకటి నొక్కవయ్యా! మంత్రిగారొచ్చే వేళయింది. సర్వీస్ అని నొక్కు!" అన్నారు. అప్పలకొండ పదిహేడుసార్లు సర్వీస్ నొక్కాడు. బండికి చేయాల్సిన పని రాసుకునే జాబ్ కార్డులు పదిహేడు బయటికొచ్చాయి. పదిహేడు అద్దాల మీద అతికించారు.

మంత్రిగారు రాలేదు. బదులుగా ఆయన సందేశం వచ్చింది. ముకుందరావుగారు గంటన్నర మాట్లాడారు. వాహనం మన పూర్వీకుల చెమటకి సాక్షి అన్నారు. షోరూము జనరల్ మేనేజరు శేషశాయి మాట్లాడుతూ, తమ సంస్థకి కస్టమరంటే కస్టమరు కాదనీ, ఒక ఎమోషన్ అనీ అన్నాడు. దండ కూడా వేశారు. అయితే అబ్బులుకి కాదు, కారు బానెట్ మీద.

సాయంత్రం అబ్బులు కారు స్టార్ట్ చేసి గేటు దాకా వచ్చాడు. గేటు తెరుచుకోలేదు.

"గేటు పాసు?" అన్నాడు అప్పలకొండ.

"నా కారుకి నాకు పాసేంటి?"

"సర్వీసుకొచ్చిన బండి కదేటి. జాబ్ కార్డు మూసేస్తే గానీ పాసు రాదు. సర్వీసు సేస్తే గానీ జాబ్ కార్డు మూసుకోదు. ఆదివారం సర్వీసు నేదు. రేపు రా బావూ."

అబ్బులు కారు పక్కకి తీశాడు. ఇంజను ఆపాడు. తాళం జేబులో వేసుకుని బస్సెక్కాడు.

సోమవారం పొద్దున్నే వచ్చాడు. అప్పటికే సర్వీసు వాళ్ళు కారు చుట్టూ మూగి ఉన్నారు. శుభయాన మోటార్స్ గడప దాటే ఏ బండికైనా డెబ్బై రెండు పాయింట్ల పరీక్ష ఉంటుంది. ఒకడు అడిగి రాసుకుంటున్నాడు, ఒకడు కారులో వెతికి జవాబు చెబుతున్నాడు.

"ఎయిర్ బ్యాగు?"

"లేదు."

"వెనక కెమెరా?"

"లేదు."

"సీటు బెల్టు అలారం?"

"బెల్టే లేదు."

"దూరం నుంచి మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుందా?"

"దగ్గర్నుంచి లాగినా తెరుచుకోట్లేదు."

"కింద మోకాలితో ఒకటి పొడవాలి," అన్నాడు అబ్బులు. పొడిచాడు. తలుపు తెరుచుకుంది. ఆ సంగతి రాయడానికి కాగితం మీద గడి లేదు.

జబ్బు కనిపెట్టే యంత్రం తెచ్చారు. దాని తీగ గుచ్చడానికి కారులో ఎక్కడా కన్నం లేదు. 'వాహనం పరీక్షకు సహకరించుట లేదు' అని రాశారు. చివరికి డెబ్బై రెండింట్లో తొమ్మిది పాసయ్యాయి. అందులో ఒకటి హారను.

అబ్బులుని ఏసీ గదిలోకి పిలిచారు. శేషశాయి ఒకవైపు, ముకుందరావుగారు ఒకవైపు కూర్చుని ఉన్నారు.

"చూడండి అబ్బులుగారూ," అన్నాడు శేషశాయి. "మీ వెహికల్లో అరవై మూడు పార్టులు మిస్సింగ్. ఇలాంటి వెహికల్ని రోడ్డు మీదకి రిలీజ్ చేస్తే మా సేఫ్టీ పాలసీ ఏం కావాలి? ఆర్డర్ పెట్టేశాం. పార్టులు రాగానే ఫిట్ చేసి పంపించేస్తాం."

"ఎప్పుడొత్తాయండి?"

"అవి ఈ మోడల్‌కి తయారు కాలేదు. కాబట్టి కొంచెం టైం పడుతుంది."

ముకుందరావుగారు టేబుల్ మీద గుద్దారు. "అసంభవం! సంఘ నిబంధనావళి ప్రకారం ప్రదర్శనకు వచ్చిన వాహనంలో ఒక్క మేకు మార్చినా దాని ప్రాచీనత భంగపడుతుంది. మార్పులకు సంఘం ససేమిరా అంగీకరించదు."

"అయితే మార్చొద్దండి. వదిలెయ్యండి," అన్నాడు అబ్బులు.

"మార్చకుండా వదలలేం," అన్నాడు శేషశాయి.

"మార్చడానికి వీల్లేదు," అన్నారు ముకుందరావుగారు.

ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు. ఒప్పందం చక్కగా అమలవుతోందని ఇద్దరికీ సంతోషమే. కారు అద్దం మీద రెండు కాగితాలు అతికించారు. మార్చనిదే కదపరాదని ఒకటి, మార్చరాదని ఒకటి.

"రేపు మంగళారమండి," అన్నాడు అబ్బులు. "పొద్దున్న తొమ్మిదింటికి మాస్టారు ఆసుపత్రిలో ఉండాలండి. ఆ కారు తప్పితే ఆయన ఇంకోటి ఎక్కలేడండి."

"మీ సెంటిమెంట్ మేం రెస్పెక్ట్ చేస్తాం. కానీ మిగతా పదహారు కార్ల ఓనర్లూ హ్యాపీగా ఉన్నారు. ఒక్క కంప్లయింట్ లేదు. మీకొక్కరికే ఏంటండీ ప్రాబ్లం?"

"నాది నడుత్తాదండి."

శేషశాయి కుర్చీలో వెనక్కి వాలాడు. "అదీ! అదీ అసలు ప్రాబ్లం."

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మిగతా కార్ల వాళ్ళందరికీ ఇంటి దగ్గర షెడ్లు ఖాళీ అయ్యాయి. షెడ్లలో స్కూటర్లు పెట్టుకున్నారు. ఆ మధ్యాహ్నమే సంఘం కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. సంగమాన్ని శాశ్వత సంగమంగా మార్చాలని తీర్మానించింది. యజమానులు తమ వాహనాలను కలుసుకునేందుకు రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు 'ఆత్మీయ దర్శన వేళలు' ప్రకటించింది. లోపల కూర్చోరాదు. హారను కొట్టరాదు. మనసారా తాకవచ్చు.

అబ్బులు దర్శనం చేసుకోలేదు. ఇంటికొచ్చి, వీధరుగు మీద కూర్చున్నాడు. ఆరింటికి ఫోను మోగింది. ఒకమ్మాయి తీయగా మాట్లాడింది.

"నమస్కారం సర్, శుభయాన మోటార్స్ నుంచి. మా సర్వీసు మీకు ఎలా అనిపించింది సర్? పదికి ఎన్ని మార్కులిస్తారు?"

"నా కారు నాకియ్యలేదమ్మా."

"అది కాకుండా సర్."

అబ్బులు ఫోను పెట్టేసి మాస్టారింటికి నడిచాడు. జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పాడు. మాస్టారు విన్నాడు. అప్పటికే పాదాలు ఉబ్బి, చెప్పుల్లో పట్టడం లేదు.

"అంబులెన్సుకి ఫోను చేత్తానండి," అన్నాడు అబ్బులు.

"నోరుముయ్యి! నేను పేషెంటుని కాదురా, పాసింజర్ని. పొద్దున్న ఆరున్నరకి రెడీగా ఉంటాను. నన్ను ఆ షోరూముకి తీసుకెళ్ళు."

"దేని మీదండి?"

"అది నీ పని."

పొద్దున్న ఆరున్నరకి రొయ్యల చెరువుకి ఐసు తోలే ట్రక్కు ఆటో మాస్టారింటి ముందు ఆగింది. నలుగురు పట్టి ఆయన్ని పైకెక్కించారు. ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కాళ్ళు రెండూ తిన్నగా డ్రైవరు మీద ఎక్కుపెట్టినట్టు ఉన్నాయి. అబ్బులు వెనక నిలబడి కుర్చీ పట్టుకున్నాడు. దారి పొడుగునా జనం, ఎవరో పెద్దమనిషి ఎన్నికల్లో నిలబడ్డాడనుకుని నమస్కారాలు పెట్టారు. మాస్టారు అందరికీ తిరిగి పెట్టాడు.

నేరుగా ఆసుపత్రికే పోదామని అబ్బులన్నా మాస్టారు వినలేదు, తిరిగొచ్చేటప్పుడు పడుకోడానికి తన సీటు కావాలన్నాడు. ఏడున్నరకి షోరూము గేటు ముందు కుర్చీతో సహా దింపి, ట్రక్కు ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. మాస్టారు కుర్చీలోంచే ఒక్క కేక వేశాడు.

"ఎవర్రా ఇక్కడ హెడ్డు? అటెన్‌షన్!"

అప్పలకొండకి తెలియకుండానే మడమలు కలిశాయి. లోపల నుంచి శేషశాయి పరిగెత్తుకొచ్చాడు. పొద్దున్నే ప్రార్థన సమావేశంలో ఉన్నాడట. వాళ్ళ ప్రార్థనంతా నెలవారీ టార్గెట్ గురించే. ఆషాఢం కాబట్టి ఆ నెల టార్గెట్ ఒకే ఒక్క కారు, అదీ అమ్ముడుపోలేదు. ఆషాఢం పోయేలోపు ఆ ఒక్కటీ ఎవడు కొంటాడో దేవుడికి కూడా తెలియడం లేదు.

"సర్, మీ పెయిన్ మేం అండర్‌స్టాండ్ చేసుకోగలం సర్. కానీ ప్రొసీజర్..."

"ప్రొసీజరా? గంటన్నర ఉంది నాకు. తొమ్మిది దాటితే నా మంచం ఇంకొకడికిస్తారు. తర్వాత శుక్రవారమే. శుక్రవారం దాకా నేనుంటే నీ ప్రొసీజరు వింటాను. లేకపోతే అబ్బులు వింటాడు, పెద్దకర్మ అయ్యాక."

శేషశాయి చెడ్డవాడు కాదు. నిజంగానే ముఖం పాలిపోయింది. హైదరాబాదుకి ఫోను చేశాడు. హైదరాబాదు వాళ్ళు బెంగుళూరుకి చేయమన్నారు. బెంగుళూరులో ఫోను, మీ కాల్ మాకు ఎంతో విలువైనదని చెప్పి పాట వేసింది. పాట బాగుంది. ఎనిమిదైంది.

అప్పుడు అప్పలకొండ గొంతు సవరించుకున్నాడు.

"బావూ, నానో మాట సెప్పనా? సర్వీసు బండి బయటికెల్లాలంటే పాసు గావాల. టెస్టు డ్రైవు బండికి పాసక్కర్నేదు. సంతకం సాలు."

శేషశాయి ఫోను దింపాడు. "కానీ అది అమ్మకానికి పెట్టిన కార్లకి కదయ్యా."

"కొత్త కారే అవ్వాలని రాసుందేటి?"

శేషశాయి రూల్సు పుస్తకం తెప్పించి చూశాడు. రాసి లేదు. 'అమ్మకానికి ఉన్న వాహనం' అని మాత్రమే ఉంది. ఆయన అబ్బులు వైపు తిరిగాడు.

"అబ్బులుగారూ, ఒక్క డిక్లరేషన్. ఈ వెహికల్ అమ్మకానికి ఉందా?"

నలభై ఒక్క ఏళ్ళలో ఆ మాట చాలామంది అడిగారు. కోళ్ళ ఫారాల ఆసామి అడిగాడు, సినిమా వాళ్ళు అడిగారు, తుక్కు కొనేవాడు నెలకోసారి అడుగుతాడు. ఎవరడిగినా అబ్బులు జవాబు కూడా చెప్పేవాడు కాదు, లేచి లోపలికి పోయేవాడు. ఇప్పుడు మాస్టారి పాదాల వైపు చూశాడు. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగి ఉన్నాయి.

"ఉందండి," అన్నాడు.

ఇక పని చకచకా సాగింది. కొనే మనిషిగా కామేశం మాస్టారి పేరు రాశారు. మాస్టారు నడపలేడు కాబట్టి కస్టమరు తరఫు డ్రైవరుగా అబ్బులు పేరు రాశారు.

"ఈ మోడల్ నడిపిన ఎక్స్‌పీరియన్స్ ఉందా అండి?" అని అడిగాడు శేషశాయి.

"నలభై ఒక్క ఏళ్ళండి."

"కంప్యూటర్ పదేళ్ళకి మించి తీసుకోవట్లేదు. పది వేస్తాను. స్టీరింగ్, బ్రేకు ఎక్కడుంటాయో మా వాళ్ళు ఎక్స్‌ప్లెయిన్ చేశారా?"

"లేదండి."

శేషశాయి ఎక్స్‌ప్లెయిన్ చేశాడు. అది కూడా రూలే. అబ్బులు చేతులు కట్టుకుని విన్నాడు. గేరు కర్ర ఎక్కడుందో శేషశాయికే కనబడలేదు. అబ్బులు చూపించాడు. టెస్టు డ్రైవులో షోరూము మనిషి ఒకరు పక్కన కూర్చోవాలి కాబట్టి ఆయనే ముందు సీట్లో కూర్చున్నాడు. బెల్టు కోసం కాసేపు వెతుక్కున్నాడు. అబ్బులు మాస్టారి కాళ్ళు సీటు పొడుగునా తిప్పి పెట్టాడు. అప్పలకొండ మూడో మీట నొక్కాడు. గేటు తెరుచుకుంది.

ఎనిమిదీ యాభై రెండుకి ఆసుపత్రి మెట్ల ముందు ఉన్నారు. తొమ్మిదికి మాస్టారి చేతిలో సూది దిగింది. మిషను తిరగడం మొదలెట్టింది. అబ్బులు బయట బల్ల మీద కూర్చున్నాడు.

శేషశాయి గడియారం చూసుకున్నాడు. "ఎంతసేపు పడుతుందండీ?"

"నాలుగు గంటలండి."

"నాలుగు గంటలా! టెస్టు డ్రైవు మాగ్జిమం గంటేనండీ!"

"మధ్యలో ఆపరండి."

"మీరు కారు తీసుకుని వెనక్కి..."

"కస్టమరు లేకుండా ఎలాగండి?" అన్నాడు అబ్బులు. రూల్సు అతనికీ అర్థమవడం మొదలైంది.

సరిగ్గా తొమ్మిదీ పదిహేనుకి, షోరూము గేటు దాటిన గంటకి, శేషశాయి ఫోను గణగణా మోగింది. దాంట్లోంచి బాజాలు, చప్పట్లు వినిపించాయి. ఆయన తెర వైపు చూసి బల్ల మీద కూలబడ్డాడు. హెడ్డాఫీసు వాళ్ళు పోయిన నెలే ఒక కొత్త ఏర్పాటు చేశారట. గంట దాటినా కారు వదలని కస్టమరు దానితో ప్రేమలో పడ్డట్టు లెక్క. కాబట్టి ఆ కారుని అమ్ముడైనట్టు కంప్యూటరే తనంతట తాను రాసేస్తుంది.

"ఏమైందండి?" అన్నాడు అబ్బులు.

"అమ్ముడైపోయిందండీ," అన్నాడు శేషశాయి నీరసంగా. "మీ కారు. మాస్టారుగారికి."

అబ్బులు జేబులో తాళం తడిమి చూసుకున్నాడు. అంతలో శేషశాయి ముఖంలో ఏదో వెలిగింది. నెల టార్గెట్‌లో తక్కువైన ఒక్క కారూ నిండిపోయింది. ఆషాఢంలో కారు అమ్మిన మేనేజరు రాష్ట్రం మొత్తం మీద ఆయనొక్కడే. ఫోనులో ఎవరో ఆయన్ని పొగుడుతున్నారు. "థాంక్యూ సర్... టీం వర్క్ సర్... పాత జాబ్ కార్డా సర్? అమ్ముడైన బండికి జాబ్ కార్డేంటి సర్, దానంతటదే మూసుకుపోయింది సర్..." ఆయన మాట్లాడుతూనే వార్డులోకి నడిచాడు. డెలివరీ ఫోటో కావాలి. నర్సమ్మ వద్దంటున్నా వినకుండా, అబ్బులు దగ్గరున్న తాళం తీసుకుని, పడుకున్న మాస్టారి ఖాళీ చేతిలో పెట్టి ఫోటో తీశాడు.

"కంగ్రాట్స్ సర్! కారు మీది సర్. మా సర్వీసుకి పదికి ఎన్ని ఇస్తారు సర్?"

మాస్టారు సంగతంతా విన్నాడు. నవ్వితే సూది కదులుతుందని నర్సమ్మ కళ్ళురిమింది. పెదాలు బిగించి అడిగాడు. "ఆ కారు మళ్ళీ మీ గేట్లోకి రావాలా?"

"మీ కారు సర్. మీ ఇష్టం సర్."

"అయితే పది వేసుకో."

ఒంటిగంటకి మిషను ఆపారు. అబ్బులు ఆయన్ని నడిపించుకొచ్చి, మోకాలితో తలుపు పొడిచి, సీటు మీద పడుకోబెట్టాడు. శేషశాయి ఎప్పుడో ఆటోలో వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆయనకి సన్మానం ఉంది, ముకుందరావుగారు అధ్యక్షత.

కారు జగన్నాథపురం వంతెన దాటింది. వెనక నుంచి మాస్టారు, కళ్ళు మూసుకునే, నెమ్మదిగా అన్నాడు.

"ఏరా అబ్బులూ. బాధగా ఉందట్రా?"

అబ్బులు ఆలోచించాడు. గేరు మార్చాడు. ఇంకా కొంచెం ఆలోచించాడు.

"కొత్త బ్యాటరీ ఎయ్యాలండి మీ కారుకి," అన్నాడు. "రేడియేటరు కూడా కారతంది. ముందు టైర్లు రెండూ అరిగిపోయాయి."

మాస్టారు కళ్ళు తెరిచాడు.